నోరు మెదపని ఆట

గంగాధర్ సారు పోయిన పదమూడో రోజున ఆయన కూతురు సునంద ఆదిలాబాద్ నుంచి బస్సులో మా ఇంటికి వచ్చింది. ఒళ్లో ఒక మిఠాయి డబ్బా పెట్టుకుని కూర్చుంది. చావు జరిగిన ఇంటి నుంచి మిఠాయి తేవడమేమిటని నేను లోపల్లోపల విసుక్కున్నాను. నా తీరు ఎప్పుడూ ఇంతే, ముందు విసుగు, ఆ తరువాతే విషయం. ఆమె మూత తీస్తే లోపల మిఠాయి లేదు. పాత పెళ్లిపత్రికలు సగానికి కత్తిరించి, రబ్బరు బ్యాండు వేసినవి ఒక నలభై దాకా ఉన్నాయి. బ్యాండు ఎప్పుడో ఎండిపోయి పత్రికలకే అతుక్కుంది.

"బాపు గివి ఎవ్వల్ని ముట్టనియ్యకపోతుండె మేడం. దవాఖానల ఉన్నప్పుడు, రాజేశ్వరికి ఇచ్చి రా అన్నడు. ఏ రాజేశ్వరి అంటే, దుబాయి కంపెనీ గుమస్తా అన్నడు. మతి తప్పి మాట్లాడుతుండనుకున్నం. ఆఖరికి ఆయన డైరీల మీ అడ్రస్ దొరికింది," అన్నది సునంద.

ఆయనకు మతి తప్పలేదు. ఆ గుమస్తాను నేనే. పైన ఉన్న పత్రిక వెనక సారు గుండ్రటి దస్తూరీలో ఇలా ఉంది: 'నువ్వు సముద్రం అవతల కంపెనీలో గుమస్తావు. నీ బల్ల మీదికి ఉత్తరాలు వస్తాయి. ఉత్తరంలో ఏముంటే అదే నీకు తెలుసు. అంతకు మించి నీకేమీ తెలియదు.' తిప్పి చూస్తే ఎవరిదో పెళ్లి ముహూర్తం, సగానికి తెగిన పేర్లు, మూలన టీ రంగుకు మారిన పసుపు మరక. సునందకు అన్నం పెట్టి బస్సెక్కించి వచ్చాను. అది జరిగి నాలుగు రోజులైంది. ఇంట్లో ఒక్క పని ముట్టబుద్ధి కాలేదు. కనుక ఇది రాస్తున్నాను.

మా ఊరు వేములవాడ దాటాక బస్సు ఎర్రమట్టి బాట పట్టే వైపు ఉంటుంది. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, నేను, ఇద్దరమే. బాపు దుబాయిలో ఉండేవాడు. నిజానికి ఆయన ఉన్నది దుబాయి కాదు, కానీ మా ఊళ్లో సముద్రం దాటి ఎవరు ఏ దేశం పోయినా దుబాయే. అవ్వ బీడీలు చుట్టేది. పొద్దున లేచేసరికి తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టి ఉండేది. దాని పచ్చి వాసన, చాటలో పోసిన పొగాకు ఘాటు, రెండూ కలిసి ఇంట్లో ప్రతిదానికీ పట్టేవి. మా అన్నానికి, మా దుప్పట్లకు, నా తెలుగు పుస్తకానికి, నా జడకు కూడా. కాలేజీలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుని కూర్చునేది. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుంటే ఇక ప్రపంచం తలకిందులైనా లేచేది కాదు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అంచు లోపలికి మడవడం, ఈ అయిదు పనులూ చూడకుండానే చేసేది. చూపు మాత్రం ఎప్పుడూ వాకిట్లోకి ఉండేది, తపాలా మనిషి సైకిలు వస్తుందేమోనని.

నెలకొకసారి బాపుకు ఉత్తరం రాయడం మా ఇంట్లో ఒక వ్రతం. అవ్వ తల స్నానం చేసి, పొగాకు చాట మూలకు జరిపి, నేను విదేశానికి పంపే నీలం ఏరోగ్రామ్ కాగితం పరిచి కూర్చుంటే ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునేది. "మంచిగున్నమని రాయి," అనేది. రాసేదాన్ని. 'ఇచ్చట మేము అందరం క్షేమం. అచ్చట మీరు క్షేమమని తలుస్తాము.' తరువాత వానలు, ఊళ్లో పెళ్లిళ్లు, ఫలానా ఆయన అడిగినట్టు చెప్పమన్నాడు. అంతే. అంటించాక అవ్వ గిన్నెలో పసుపు తడిపి నాలుగు మూలలా అద్దేది. పసుపు అద్దకుండా మా ఇంటి నుంచి ఒక్క ఉత్తరం బయటికి పోలేదు. మా తాత పోయినప్పుడు వచ్చిన కార్డుకు పసుపు లేదు. బాపు దాన్ని వాకిట్లో నిలబడే చదివించుకుని, చింపి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. "పసుపు లేని ఉత్తరం చావు కబురే బిడ్డా. దాన్ని ఇంట్లకు తేవద్దు," అని అప్పుడే నాకు చెప్పాడు. బాపుకు చదువు రాదు. కానీ ఉత్తరం చేతికి రాగానే మూలలు చూడటం వచ్చు.

ఆ క్షేమం ఉత్తరాలు రాసిన నాలుగేళ్లలో మా బావి కూలింది. ఎద్దు ఒకటి చచ్చింది. ఇంటి వెనక గోడ వానకు ఒరిగి, దుంగలు ఊతం పెట్టి నిలబెట్టాం. అవ్వకు దగ్గు పట్టుకుని, రాత్రుళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒక్కటీ రాయలేదు. "చెయ్యి పట్టుకునేటోళ్లు లేని కాడికి ఏడుపు పంపద్దు," అనేది అవ్వ. బాపు ఉత్తరాలూ అలాగే వచ్చేవి. క్యాంపులో మంచిర్యాల వైపు మనిషి ఒకాయన రాసిపెట్టేవాడు. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. ఒక్కసారి మాత్రం చివర ఇరికించి ఒక ముక్క ఉంది, 'మీరు రమ్మంటే వచ్చేస్తాను' అని. నేను ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను. అవ్వ ఒళ్లోంచి చాట దించి పక్కన పెట్టింది. అప్పటికి బావి కూలి నెల కూడా కాలేదు. "మనం తిప్పలల్ల ఉన్నమని తెలిస్తే పరేషాన్ అయితడు. మంచిగున్నం, మా ఫికర్ చెయ్యకు, నీ పని నువ్వు చూస్కో అని రాయి," అన్నది. నేను రాశాను. ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాను. ఆ తరువాత కొంతకాలం బాపు ఉత్తరాలు ఎప్పటిలాగే వచ్చాయి. తరువాత రెండు నెలలకొకటి అయ్యాయి. ఆ తరువాత రావడం మానేశాయి.

బాపు ఆఖరి ఉత్తరం వచ్చి ఏడు నెలలు గడిచిన సమయానికి నేను కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు పరీక్షలో ఫెయిలయ్యాను. తెలుగులోనే. మూలిగే నక్క మీద తాటిపండు పడటం అంటే అది. తప్పడానికి కారణం ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. తాగునీటి ఎద్దడి గురించి కలెక్టరుకు లేఖ రాయమని ప్రశ్న. నాకు గైడులో బట్టీ పట్టిన లేఖ ఒక్కటే వచ్చు, అక్క పెళ్లికి స్నేహితురాలిని పిలిచే లేఖ. అదే రాశాను. కలెక్టరును పెళ్లికి రమ్మన్నాను. అవ్వ ఒకటే మాట అన్నది, మళ్లీ తప్పితే కాలేజీ బందు, నా పక్కన ఇంకో చాట పెడతా అని. కోపంతో అనలేదు. ఆమె దగ్గుకు ఒక్క చాట మీద ఇల్లు నడిచే రోజులు అయిపోయాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నాలాంటి ఫెయిలైన వాళ్లను ఇరవై మందిని కలిపి, సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డులో సాయంత్రం పూట ప్రత్యేకం క్లాసు పెట్టారు. కాలేజీలో దాని పేరు 'పశువుల దవాఖాన'. ఏ లెక్చరరూ రానంటే, కొత్తగా తాత్కాలికంగా చేరిన గంగాధర్ సారును మా మీదికి తోలారు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు మనిషి. బక్కగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు చాక్‌పీసులతో ఉండేవాడు. ఆడపిల్లలను 'బాయి' అనేవాడు, అటువైపు మరాఠీ కలిసిన మాట. వాళ్ల నాన్న పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టి సంసారం నడిపాడట.

మొదటి రోజే ఆయన మా కాగితాలన్నీ చదివి బల్ల మీద పెట్టాడు. "మీకు తెలుగు రాదని ఎవడన్నడు? పొద్దంత మాట్లాడే తెలుగే గద. మీకు రానిదల్ల ఒక్కటే. అవతలోనికి ఏం తెల్వదో మీకు తెల్వదు," అన్నాడు. మాకు అర్థం కాలేదు. ఆయన వివరించలేదు. షెడ్డు నేల మీద చాక్‌పీసుతో గీతలు గీశాడు. ఇది ఊరు, ఇది తహసీలాఫీసు, ఇది బస్సు డిపో, ఇది దవాఖాన, ఇది పోస్టాఫీసు. టోపీలో పెళ్లిపత్రికల ముక్కలు వేసి తలా ఒకటి తీసుకోమన్నాడు. ఎవరికి ఏది వస్తే అది వాళ్ల ఉద్యోగం. ఒకరికి సర్పంచి, ఒకరికి డాక్టరు, ఒకరికి తపాలా మనిషి. రూళ్లు మూడే. షెడ్డులో ఎవరూ నోరు మెదపరాదు, ఏం కావాలన్నా చీటీ రాసి తపాలాలో వేయాలి. వచ్చిన ప్రతి కాగితానికి జవాబు రాయాలి. కాగితం మీద లేనిది లోకంలోనే లేదు.

ఆ ఆటకు 'ఉత్తరాల ఊరు' అని మేమే పేరు పెట్టుకున్నాం. సోమవారం సారు ఒక ముడి వేసేవాడు. ఊళ్లో బోరింగు చెడిపోయింది, బస్సు రావడం లేదు, ఎవరి పొలంలోనో పిడుగు పడి గొడ్లు చచ్చాయి. శనివారం లోపల మేం చీటీలతోనే ఆ ముడి విప్పాలి. మొదటి వారం నేను బోరింగు గురించి రాసిన అర్జీ తహసీల్దారు దగ్గర నుంచి అయిదుసార్లు తిరిగి వచ్చింది. తహసీల్దారు మల్లేశం, బొగ్గుబావిలో పనిచేసే ఆయన కొడుకు, మాలో అందరికన్నా మొద్దు అని పేరున్నవాడు. కుర్చీలో కూర్చోగానే వాడికి ఎక్కడి తెలివి వచ్చిందో! 'ఏ ఊరు?' అని ఒకసారి, 'ఎన్నడు చెడిపోయింది?' అని ఒకసారి, 'చెడిపోతే నాకేంది, నన్ను ఏం చెయ్యమంటరు?' అని ఒకసారి. అయిదోసారి నాకు ఒళ్లు మండి, ఆడవాళ్లు మైలు దూరం నడిచి తెచ్చుకునే నీళ్ల గురించి, పగిలిన నా మడమల గురించి, మా ఊళ్లో మాట్లాడినట్టే రాసి పడేశాను. వెంటనే బోరింగు బాగు చేయించమని ఆర్డరు వచ్చింది. సారు ఆ చీటీ పట్టుకుని, "గిట్ల. ముందు ముచ్చట కాయితం మీదికి రానీ బాయి. అంగీ లాగు తర్వాత తొడుగుదాం," అన్నాడు.

పదమూడు సంవత్సరాల చదువులో నేను ఎవరికో ఒకరికి రాశానన్న ఎరుక నాకు కలగడం అదే మొదలు. అప్పటిదాకా మార్కులకు రాశాను, అవ్వకు రాశాను. బాపుకు రాయలేదు. బాపు పేరు మీద రాశాను, అంతే. ఇది ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను, అప్పుడు తెలియలేదు. తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఆ వారం ముడిని సారు మమ్మల్నే చెప్పమన్నాడు. జగిత్యాల వైపు పిల్లవాడు ఒకడు, వాళ్ల గల్లీలో జరిగిందని చెప్పాడు. దుబాయి పోయిన మనిషి నుంచి ఉత్తరం రావడం లేదు, జాడ తీయాలి. సారుకు నా సంగతి తెలియదు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. బాపు ఉత్తరం రాలేదని బయట అనడమే అపశకునంగా ఉండేది మా ఇంట్లో. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని అవ్వ మొక్కుకుంది, ఆ మొక్కు కూడా నా చెవిలోనే చెప్పింది. సారు షెడ్డు మధ్యలో అడ్డంగా గీత గీసి, ఇది సముద్రం అన్నాడు. టోపీలో చెయ్యి పెట్టి నేను తీసిన ముక్క ఏదో మీకు తెలుసు. గీత అవతల, విరిగిన సైకిళ్ల మధ్య, నాకు కుర్చీ వేశారు.

పోయిన మనిషి భార్య మల్లేశం అయ్యాడు. అందరూ మూతులు మూసుకుని నవ్వారు. వాడు తల గోక్కుని, గోక్కుని రాసి తపాలాలో వేశాడు. సముద్రం దాటి నా బల్ల మీదికి వచ్చింది. 'కంపెనీ వారికి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేము అందరం క్షేమం. అచ్చట మీరు క్షేమమని తలుస్తాము. మా ఆయన నుంచి ఉత్తరం లేదు. దయచేసి తెలుపగలరు.' పేరు లేదు, ఊరు లేదు. కుర్చీ మహిమ చెప్పాను కదా, నాకూ పట్టింది. ఉత్తరంలో ఏముంటే అదే నాకు తెలుసు. కాలు మీద కాలు వేసుకుని రాశాను: 'మీ ఉత్తరం అందింది. మీరందరూ క్షేమంగా ఉన్నట్టు తెలిసి సంతోషించాము. మీ ఆయన ఎవరో మీరు రాయలేదు. క్షేమంగా ఉన్నవారి కోసం మేము చేయవలసింది ఏమీ లేదు.'

మల్లేశం అది చదివి, రూలు మరచి పకాలున నవ్వాడు. చీటీ చేతులు మారి షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నా చీటీలో చివరి వాక్యం మళ్లీ కళ్లబడింది. రమ్మంటే వచ్చేస్తానని అడిగిన మనిషికి మేం పంపిన జవాబు ఇదే కదా అనిపించింది. మంచిగున్నం, మా ఫికర్ చెయ్యకు. ఆయన కూడా అక్కడ ఉత్తరంలో ఉన్నదే కదా చూసింది. నవ్వు ఏడుపుగా ఎప్పుడు మారిందో తెలియదు, ఆపుకుందామంటే ఆగలేదు. సారు పరుగున వచ్చాడు. "సార్, మా బాపుకు నేనే రాసిన సార్. మంచిగున్నమని నేనే రాసిన," అని అందరి ముందూ అరిచాను. ఆయన నా భుజం తట్టలేదు, ఊరుకోమనలేదు. తన పుస్తకంలోంచి నాలుగు తెల్ల కాగితాలు చింపి నా ముందు పెట్టి, "నోటితోటి వద్దు బాయి. రాయి," అన్నాడు. ఆ క్షణంలో ఆయనంత కసాయివాడు లేడనిపించింది. కానీ రాశాను. ఆఖరి బస్సు టైము దాకా రాశాను.

ఆ నాలుగు కాగితాలు పట్టుకుని సారు మరునాడు కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం తయారు చేశాడు. బాపు పేరు, పాసుపోర్టు నంబరు, ఎప్పటి నుంచి జాబు లేదు, మాకు ఏం కావాలి, అన్నీ వరసగా. "మీ బాపుకు మాత్రం నేను రాయ. నువ్వే రాయాలె. ఉన్నదున్నట్టు," అన్నాడు. ఇంటికి పోయి అవ్వతో ఆ మాటంటే పిడుగు పడ్డట్టే అయింది. "బావి ముచ్చట రాస్తవా? గోడ ముచ్చట రాస్తవా? గాడ ఒక్కడే కూసోని ఏడ్వాల్నా? నీ సదువు సల్లగుండ! నేను బతికుండగ గసువంటి ఉత్తరం గీ ఇంట్లకెల్లి పోదు," అన్నది. నేనూ ఊరుకోలేదు. నీ క్షేమమే ఆయన్ని అక్కడ కట్టేసిందని అన్నాను. అవ్వ చేతిలోని బీడీ నలిగిపోయింది. రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు కరీంనగర్ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని బాపుకు రాశాను. క్షేమంతో మొదలుపెట్టలేదు. బావి కూలింది, ఎద్దు చచ్చింది, వెనక గోడ ఒరిగింది, అవ్వ కూర్చునే నిద్రపోతుంది, నేను పరీక్ష తప్పాను. నువ్వు రమ్మంటే వస్తానన్నప్పుడు రమ్మని రాయాల్సింది, రాయలేదు, తప్పు నాది. నువ్వెట్లున్నావో నిజం రాయి బాపూ. అంటించి ఎర్ర డబ్బాలో వేశాను. బస్సు సగం దారికి వచ్చాక గుర్తుకొచ్చింది, పసుపు అద్దలేదని. మరుక్షణమే, ఈ చాదస్తాలు ఇంకెన్నాళ్లని నన్ను నేనే కసిరుకున్నాను. పసుపు లేకపోతే ఉత్తరం చేరదా? చదువుకున్న పొగరు. నాలుగు వారాల ఆటకే వచ్చిన పొగరు.

రెండు నెలలకు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. నేను కాలేజీ అడ్రసు ఇచ్చాను కనుక సారు చేతికే వచ్చింది. ఆయన చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు. రెండే వాక్యాలు. మీరు అడిగిన మనిషి చెప్పకుండా క్యాంపు విడిచి పోయాడు. కంపెనీకి ఎటువంటి బాధ్యతా లేదు. ఉత్తరంలో మేం అన్ని వివరాలూ రాశాం. అయినా అది నేను సైకిళ్ల మధ్య కూర్చుని రాసిన జవాబు లాగే ఉంది. "బాయి, నేను ఆట నేర్పిన. కుర్చీల కూసున్నోని మనసు మార్చుడు నాకు రాదు," అన్నాడు సారు. ఆయన గొంతు అలా పలకడం మళ్లీ ఎప్పుడూ వినలేదు. అవ్వకు చెప్పక తప్పలేదు. విన్నది. ఏడవలేదు. చాట దగ్గరికి జరుపుకుని, "నువ్వు రాసినవ్ గద. సల్లగున్న ప్రాణాన్ని కాయితం పెట్టి లేపినవ్," అని చుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె చుట్టిన బీడీలు సగం కార్ఖానాలో పక్కకు తీసేశారు.

ఇప్పుడు మా ఊళ్లో గల్ఫ్‌లో ఉన్న మనిషి ఒక పూట ఫోను చేయకపోతే ఇంట్లో అన్నం ముట్టరు. మొన్న మా పక్కింటి కోడలు మొగుడికి వీడియోలో ఫోను చేసి, పగిలిన గోడ కనపడకుండా కుర్చీ జరుపుకుని, నవ్వుతూ మాట్లాడింది. అటునుంచి అతను కూడా ఏదో మంచి గోడ ముందు నిలబడే మాట్లాడాడు. బాగున్నవా, బాగున్న. పనిముట్లు ఎంత మారినా ఆ మాట మారలేదు. మాకు ఆ రోజుల్లో ఎదురుచూడటం తప్ప వేరే పనిముట్టు లేదు. ఆ ఎదురుచూపులోనే పరీక్ష రాశాను. బస్సు సమయాలు మార్చమని డిపో మేనేజరుకు లేఖ రాయమన్నారు. ఏ ఊరు, ఏ బస్సు, ఎవరికి ఏ కష్టం, ఏం చేయాలి, అన్నీ రాశాను. పాసయ్యాను. ఇరవై మందిలో పదిహేడు మందిమి పాసయ్యాం, మల్లేశంతో సహా. ఆ సంతోషం చెప్పుకోవడానికి సారు అప్పటికి లేడు. క్లాసులో చప్పుడు లేదంటే సారు నిద్రపోతున్నాడన్నమాటే అని పైవాళ్లకు ఎవరో చెప్పారట, ఆయన్ని మళ్లీ తీసుకోలేదు. పెళ్లిపత్రికల ముక్కలు సంచిలో వేసుకుని ఆదిలాబాద్ పోయాడు.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం. నేను ఆకు కత్తిరిస్తున్నాను, అవ్వ చుడుతోంది. వాకిట్లో కంపతడిక చప్పుడైంది. ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నెత్తి మీద వేలెడు కూడా లేని వెంట్రుకలు, మీసం లేదు, కుడిచేతికి తువ్వాల చుట్టి ఉంది. ఎవరో బిచ్చానికి వచ్చారనుకున్నాను. దేవుడు క్షమించుగాక, లేచి బియ్యం తేబోయాను. ఆ మనిషి నన్ను చూడటం లేదు. అవ్వను చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"నువ్వు సచ్చిపోలేదా?" అన్నాడు బాపు.

అవ్వ ఒళ్లో చాట తిరగబడింది. పొగాకంతా వాకిలి నిండా చెదిరింది. అవ్వ దాని మీదుగా నడిచిపోయి ఆయన ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు.

సంగతి మాకు మరునాటికి గానీ తెలియలేదు. కంపెనీ వదిలి బాపు ఎక్కడో ఎడారిలో మేకలు కాస్తూ దాక్కుని బతికాడు. పాసుపోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. రాసిపెట్టే మంచిర్యాల మనిషి ఊరికి వచ్చేశాడు. క్యాంపులో మనవాళ్లు నా ఉత్తరం దాచి, కనపడినప్పుడు చేతికి ఇచ్చారు. "మూలలు సూసిన. పసుపు లేదు. ఇంక సదివించుకునేదేముంది బిడ్డా? రాసింది నువ్వే గద, మీ అవ్వ పోయిందనుకున్న. సముద్రం ఒడ్డుకు పోయి గుండు గీయించుకున్న, నీళ్లు ఇడిసిన. ఇంక ఎవరికోసం దాక్కోవాలె అని పోలీసుల కాడికి నేనే పోయిన. కొన్ని దినాలు లోపట ఉంచి పంపిచ్చిండ్రు," అన్నాడు.

నేను నా జీవితంలో మొదటిసారి నిజం రాసిన ఉత్తరాన్ని ఆయన చదివించుకోనే లేదు. మా ఆట, సారు శ్రమ, నా నాలుగు కాగితాల ఏడుపు, ఏదీ ఆయన్ని తేలేదు. నేను మరచిన పసుపు తెచ్చింది. బతికి ఉన్న భార్యకు నీళ్లు వదిలించి మరీ తెచ్చింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు పటపటమంటాయి. ఎవరి మీద కోపమో తెలియదు.

బాపు బొడ్లోంచి ఆ ఏరోగ్రామ్ తీశాడు. అంటించిన అంచు అంటించినట్టే ఉంది. చావు కబురును చింపాలి, కానీ నా దస్తూరీ అని చింపలేక దాచుకున్నాడట. "ఏం రాసినవో ఇప్పుడు సదువు," అన్నాడు. విప్పి చదివాను. బావి, ఎద్దు, గోడ, దగ్గు, పరీక్ష. చదివినకొద్దీ ఆయన ముఖం తేటపడుతూ వచ్చింది. "గింతేనా? గింతేనా బిడ్డా?" అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నేను మాత్రం 'రమ్మని రాయాల్సింది' అన్న దగ్గర ఆగిపోయాను. ఆయన నవ్వు కూడా అక్కడ ఆగింది.

కాసేపటికి, "వచ్చిన కాయితానికి జవాబు ఉండాలె గద. రాయి," అన్నాడు. ఆ రూలు ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. చెయ్యి తన అలవాటు చొప్పున తానే రాసింది. "ఏం రాసినవ్?" అన్నాడు. "నేను క్షేమం అని, బాపు." "కొట్టెయ్యి."

కొట్టేశాను. మూడు బారల దూరంలో గోడకు ఆనుకుని అవ్వ బీడీలు చుడుతోంది. ఆ తువ్వాల కింద ఏముందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆమె వైపు చూడకుండా, నా కాగితం వైపు చూస్తూ బాపు చెప్పాడు. "నా కుడిచెయ్యి మిషన్ల పడ్డది. మూడు వేళ్లు పోయినయ్. మీరు మంచిగున్నం, మా ఫికర్ చెయ్యకు అని రాసిన ఉత్తరం వచ్చిన వారానికే. అప్పటికే పానం బాగుండకపోతుండె. రమ్మంటరని సూసిన. రమ్మనలేదు గద, ఉండాలె అనుకున్న. చెయ్యి పోయినంక కొన్నొద్దులు చిన్న పని ఇచ్చిండ్రు, తర్వాత అదీ లేదు. పట్టుకపోతరని పారిపోయిన. గిన్ని దినాలు మంచిగున్న మంచిగున్న అని రాయించిన. అబద్ధం." నేను ఒక్క అక్షరం మార్చకుండా, ఆయన అన్నది అన్నట్టే రాశాను. నా కన్నీళ్లకు రెండు చోట్ల సిరా పారింది.

అవ్వ చేతుల్లో దారం ఆగిపోయింది. "నాది గూడ రాయి," అన్నది గోడ వైపు తిరిగి. "నాకు ఎర్కనే. రమ్మనాలె అని నోటిదాకా వచ్చింది. వస్తే ఏం తింటం అని భయమైంది. గందుకే రాయద్దన్న." అదీ రాశాను. ముగ్గురి మధ్య అంతసేపూ ఉన్నది కాగితమే, ఎవరూ ఎవరినీ చూడలేదు.

అయిపోయిందని చెప్పాక అవ్వ లేచి పోయి పసుపు తడిపిన గిన్నె తెచ్చింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని ఒక మూల అద్దింది, రెండో మూల, మూడో మూల. నాలుగో మూల అద్దకుండా గిన్నెను బాపు ముందుకు జరిపింది. బాపు కాసేపు గిన్నెను చూశాడు. తరువాత తువ్వాల మెల్లగా విప్పి, మిగిలిన బొటనవేలిని పసుపులో ముంచాడు.